వైరస్ వల్ల వచ్చే లింఫోమా ఎంగిలితో అంటుకుంటుందా? బర్కిట్ పరిశోధన ఏం చెబుతోంది?

తుంగభద్ర:
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 29 ఏళ్ళు. మెడ పక్కన బిళ్ళ కట్టి రెండు నెలలైనా తగ్గకపోవడంతో బయాప్సీ చేయించాము, హాజ్‌కిన్ లింఫోమా, అంటే తెల్లకణాల్లో పుట్టే ఒక రకం క్యాన్సరు అని తేలింది. చికిత్స మొదలైంది, డాక్టరు గారు ధైర్యమే చెప్పారు. అయితే రిపోర్టు చివరి పంక్తిలో "ఈబీఈఆర్ పాజిటివ్" అని ఉంది. అదేమిటని అడిగితే, ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ ఆనవాలు కణాల్లో కనిపించిందని చెప్పి, వేరే రోగి వేచి ఉండటంతో అంతటితో ఆపేశారు.

వైరస్ అన్న మాట ఇంట్లో పడ్డ దగ్గర నుంచి మా పెద్దమ్మ వాడికి కంచం, గ్లాసు వేరు చేశారు. వాడి కొడుక్కి రెండేళ్ళు. నాన్న కంచంలోది ఒక్క ముద్దయినా తినందే వాడికి అన్నం తిన్నట్టుండదు. ఇప్పుడు వాడు తండ్రి దగ్గరకు వెళ్ళబోతే పెద్దమ్మ ఎత్తుకుని లోపలికి తీసుకువెళ్తున్నారు. ఆవిడ తప్పు పట్టలేను, భయం అలాంటిది. క్యాన్సరుకు వైరస్ కారణమైతే అది అంటువ్యాధి అవుతుందా, కాదా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సూక్ష్మదర్శిని:
తుంగభద్ర గారూ, ముందు జవాబు, తరువాత వివరణ. మీ తమ్ముడి క్యాన్సరు ఎవరికీ అంటదు. కంచం వేరు చేయవలసిన అవసరం లేదు.

నేను 31 ఏళ్ళు పాథాలజీ విభాగంలో పనిచేశాను. గ్లాసు పలక మీద పరిచిన సన్నని కణజాలపు పొరలో, వైరస్ తయారుచేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలకు రంగు పట్టించి చూసే పరీక్షనే ఈబీఈఆర్ అంటారు. హాజ్‌కిన్ లింఫోమాలో క్యాన్సరు కణాలు నిజానికి చాలా తక్కువగా ఉంటాయి. చుట్టూ మామూలు తెల్లకణాల గుంపు, మధ్యలో అక్కడక్కడ గుడ్లగూబ కళ్ళలాంటి రెండు కేంద్రకాలతో ఒక పెద్ద కణం కనిపిస్తుంది. ఆ పెద్ద కణానికి రంగు పడితే పాజిటివ్ అని రాస్తాము. పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బున్న వారిలో సగం కంటే తక్కువ మందికే ఇలా వస్తుంది, మన దేశంలో, ముఖ్యంగా పిల్లల్లో, అంతకంటే చాలా ఎక్కువ మందికి వస్తుంది.

అసలు విషయం వినండి. ఈ వైరస్ ప్రపంచంలో పెద్దవాళ్ళైన ప్రతి 10 మందిలో 9 మందికి పైగా ఒంట్లో ఉంది. మీలో, నాలో, మీ పెద్దమ్మ గారిలో కూడా తప్పకుండా ఉండే ఉంటుంది. ఇది ఎంగిలి ద్వారానే వ్యాపిస్తుంది, అంతవరకు మీ పెద్దమ్మ గారి ఊహ సరైనదే. అమ్మమ్మ నోటితో ఊది చల్లార్చిన ముద్ద, అన్నయ్య కొరికి ఇచ్చిన జామకాయ, ఇలాంటి వాటితోనే మన పిల్లల్లో చాలామందికి చిన్ననాడే ఇది చేరిపోతుంది. పెద్దగా జ్వరం కూడా రాదు. ఆ తరువాత జీవితాంతం మన బి-కణాలనే తెల్లకణాల్లో నిద్రపోతూ ఉంటుంది. అందరిలో ఉన్న ఈ వైరస్ కొద్దిమందిలో మాత్రమే క్యాన్సరుకు ఎందుకు తోడవుతుందన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్న పుట్టింది 1950ల నాటి ఉగాండాలో, డెనిస్ బర్కిట్ అనే శస్త్రవైద్యుడి పరిశోధనతో. పాత పత్రికలు గారు ఈ చరిత్ర బాగా చదివినవారు, వారు చెబితే బాగుంటుంది.

పాత పత్రికలు:
పిలిచినందుకు ధన్యవాదాలు. డెనిస్ బర్కిట్ గురించి రాయడమంటే నాకు ఎప్పుడూ సంతోషమే.

ఆయన 1911లో ఐర్లండు ఉత్తర భాగంలోని ఎన్నిస్కిల్లెన్‌లో పుట్టారు. పదకొండేళ్ళ వయసులో బడి పిల్లల మధ్య జరిగిన గొడవలో రాయి తగిలి కుడి కన్ను పోయింది. డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో ఇంజినీరింగులో చేరి, మధ్యలో వైద్యానికి మారారు. ఒంటికన్ను వాడు శస్త్రచికిత్స ఏం చేస్తాడని సందేహించినవారున్నా, శస్త్రవైద్యుడే అయ్యారు. యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసి, 1946లో ఉగాండా చేరి, ఆ తరువాత కంపాలాలోని ములాగో ఆసుపత్రికి వచ్చారు.

1957లో హ్యూ ట్రోవెల్ అనే సహచర వైద్యుడు ఒక పిల్లవాడిని చూడమని ఆయన్ను పిలిచారు. ఐదేళ్ళ పిల్లవాడు. పై దవడ, కింది దవడ, కుడి, ఎడమ, నాలుగు వైపులా వాచిపోయి పళ్ళు వదులై ఉన్నాయి. చీము పట్టిందనుకుందామంటే నాలుగు వైపులా ఒకేసారి పట్టదు, క్యాన్సరు అనుకుందామన్నా అలా నాలుగు చోట్ల మొలవడం అప్పటికి ఎవరూ వినలేదు. బర్కిట్‌కు ఏమీ తోచలేదు, ఫొటోలు తీసి ఉంచుకున్నారు.

కొన్ని వారాల తరువాత జింజా పట్టణంలోని ఆసుపత్రిలో వార్డు చూస్తూ కిటికీలోంచి బయటకు చూశారు. తల్లితో పాటు గడ్డి మీద కూర్చున్న ఒక పిల్లకు అదే ముఖం, అవే నాలుగు వాపులు. ఆయన వార్డు వదిలి బయటకు వెళ్ళి ఆ పిల్లను పరీక్షించారు. ఈసారి కడుపులో కూడా గడ్డలు చేతికి తగిలాయి. నన్ను అడిగితే ఈ చరిత్ర మొత్తంలో ముఖ్యమైన క్షణం అదే. మొదటి పిల్లవాడు వింత కేసు అయితే, రెండో పిల్లతో అది ఒక జబ్బు అయింది.

ములాగోకు తిరిగి వచ్చి పాత రికార్డులు తిరగేస్తే, దవడలో గడ్డ ఉన్న పిల్లల్లో చాలామందికి మూత్రపిండాల్లో, కాలేయంలో, అండాశయాల్లో కూడా గడ్డలున్నట్టు తెలిసింది. అంతవరకు ఒక్కో అవయవపు గడ్డకు ఒక్కో పేరు పెట్టి వేరువేరు జబ్బులుగా రాసుకున్నారు. అవన్నీ ఒకటేనని ఆయన 1958లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో రాసినప్పుడు ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. అప్పటికి దాన్ని సార్కోమా, అంటే ఎముక, కండ వంటి వాటిలో పుట్టే క్యాన్సరు అన్నారు, అది లింఫోమా అని తరువాత తేలింది.

ములాగో దారి:
నేను ఆరేళ్ళుగా కంపాలాలో ఉంటున్నాను, మా స్వస్థలం ఖమ్మం జిల్లా. ములాగో ఆసుపత్రి కొండ మీద ఉంటుంది, అదే కొండ మీద 1967లో మొదలైన ఉగాండా క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఉంది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ, మకెరెరె విశ్వవిద్యాలయం కలిసి ఈ లింఫోమా చికిత్స కోసమే దాన్ని మొదలుపెట్టాయని చాలామందికి తెలియదు. ఒకసారి రక్తదానానికి వెళ్ళినప్పుడు పిల్లల వార్డు మెట్ల మీద ఒక తల్లిని చూశాను. చెంప గుమ్మడికాయలా ఉబ్బిన నాలుగేళ్ళ పిల్లవాడిని వీపున కట్టుకుని, చేతిలో సామానుల మూటతో కూర్చుని ఉంది. రెండు రోజులు బస్సుల్లో ప్రయాణం చేసి వచ్చామని చెప్పింది. జబ్బు పేరు ఆమెకూ తెలుసు, "బర్కిట్స్" అని స్పష్టంగా పలికింది.

పాత పత్రికలు గారూ, ఈ జబ్బు కోసం బర్కిట్ ఆఫ్రికాలో కారులో చేసిన ప్రయాణం సంగతి కూడా రాయండి. నాకు దాని గురించి అరకొరగా తెలుసు.

పాత పత్రికలు:
తప్పకుండా రాస్తాను. ఈ జబ్బు ఎక్కడెక్కడ ఉందో తెలుసుకోవాలని బర్కిట్‌కు పట్టుదల కలిగింది. ప్రభుత్వం నుంచి దొరికింది 25 పౌండ్లు. దానితో జబ్బు పిల్లల ఫొటోలున్న కరపత్రాలు అచ్చు వేయించి, ఇలాంటి వాపు మీరు చూశారా అని ఆఫ్రికా అంతటా ఆసుపత్రులకు పంపారు. జవాబులు వచ్చిన చోటల్లా పటంలో గుర్తు పెడుతూ పోతే, ఖండం నడుమ ఒక పట్టీలా ఏర్పడింది.

ఆ పట్టీకి దక్షిణపు అంచు ఎక్కడో కళ్ళారా చూడాలని 1961 అక్టోబరులో ఒక పాత ఫోర్డ్ స్టేషన్ వ్యాగన్‌లో బయలుదేరారు. టెడ్ విలియమ్స్, క్లిఫర్డ్ నెల్సన్ అనే ఇద్దరు వైద్యులు తోడున్నారు. విలియమ్స్‌కు కారు బాగుచేయడం కూడా వచ్చు, అది బాగా పనికివచ్చింది. పది వారాల్లో 10,000 మైళ్ళు, అంటే 16,000 కిలోమీటర్లు తిరిగి, సుమారు 60 ఆసుపత్రులు చూశారు. ప్రతి చోటా అదే ఫొటో, అదే ప్రశ్న. సూక్ష్మదర్శిని లేదు, ప్రయోగశాల లేదు, పరిశోధన పరికరమంటే కారూ, ఫొటోల కట్టా మాత్రమే.

తేలింది ఏమిటంటే, భూమధ్యరేఖ దగ్గర 5,000 అడుగుల ఎత్తు దాటితే జబ్బు లేదు. భూమధ్యరేఖకు దూరమయ్యే కొద్దీ ఆ ఎత్తు పరిమితి తగ్గుతూ వచ్చింది. అలెగ్జాండర్ హ్యాడో అనే వైరస్ శాస్త్రవేత్త ఇది ఎత్తు సంగతి కాదు, వేడి సంగతి అని గుర్తించారు. ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీల సెల్సియస్ కంటే పడిపోని చోట, వాన బాగా కురిసే చోట మాత్రమే జబ్బుంది. వేడి, తడి అనగానే దోమ గుర్తుకు రావడం సహజం. దోమ మోసుకువచ్చే వైరస్ ఏదో ఈ క్యాన్సరుకు కారణమని బర్కిట్ ఊహించారు.

సమీక్షకుడు:
చర్చ బాగుంది. కానీ ఒక్కరికే కీర్తి కట్టబెట్టే తీరుతో నేను ఏకీభవించను. ఈ శతాబ్దపు తొలినాళ్ళలోనే, నా ఉద్దేశం ఇరవయ్యో శతాబ్దం, కంపాలాలోని మెంగో ఆసుపత్రి స్థాపకుడు ఆల్బర్ట్ కుక్ తన రోగుల పుస్తకాల్లో దవడ గడ్డలున్న పిల్లల బొమ్మలు గీసి ఉంచారు. ములాగో పాథాలజీ విభాగంలో జాక్ డేవిస్, గ్రెగరీ ఓకొనర్ ఈ గడ్డలను బర్కిట్‌తో సంబంధం లేకుండానే గమనించారు. ఇది లింఫోమా అని నిర్ధారించిన పని ప్రధానంగా ఓకొనర్‌ది. పిల్లల్ని ఎత్తుకుని ఎంతో దూరం నుంచి వచ్చిన తల్లుల సంగతి సరేసరి, వాళ్ళ పేర్లు ఏ పత్రంలోనూ ఉండవు.

పాత పత్రికలు:
సమీక్షకుడు గారూ, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటున్నాను, ఓకొనర్ పేరు ముందే రాయవలసింది. అయినా వేరువేరు చోట్ల పడి ఉన్న గడ్డలను ఒక జబ్బుగా చేర్చి, దాన్ని పటం మీదకు ఎక్కించిన పని బర్కిట్‌దేనని నేను ఇప్పటికీ అంటాను.

ఇక వైరస్ దొరికిన తీరు. 1961 మార్చి 22న బర్కిట్ లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో ఉపన్యాసం ఇచ్చారు. ఆంథొనీ ఎప్‌స్టీన్ అక్కడే పనిచేసేవారు. కోళ్ళలో క్యాన్సరు తెచ్చే రౌస్ వైరస్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూస్తున్న మనిషి. వానకూ వేడికీ లొంగే క్యాన్సరు అని వినగానే దీని వెనుక వైరస్ ఉండి తీరాలని అనిపించింది. ఉపన్యాసం కాగానే బర్కిట్‌ను కలిసి, కంపాలా నుంచి గడ్డల ముక్కలు విమానంలో పంపే ఏర్పాటు చేసుకున్నారు. రెండేళ్ళకు పైగా చూసినా ఏమీ కనిపించలేదు.

1963 డిసెంబరులో లండన్‌ను పొగమంచు కమ్మేసి, ముక్క తెస్తున్న విమానం మాంచెస్టర్‌కు మళ్ళింది. సీసా ఆలస్యంగా చేరింది, లోపలి ద్రవం మసకబారింది. సూక్ష్మక్రిములు పట్టి పాడైందని ఎవరైనా పారబోసేవారే. ఎప్‌స్టీన్ ఒక చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, ఆ మసక క్రిములది కాదు, గడ్డ నుంచి విడిపోయి విడివిడిగా తేలుతున్న బతికున్న కణాలది. ముద్దగా కాక ఇలా తేలనిస్తేనే అవి ప్రయోగశాలలో పెరుగుతాయని అర్థమైంది. వాటిని పెంచి, 1964 ఫిబ్రవరి 24న ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, మొదటి గడిలోనే హెర్పిస్ జాతి వైరస్ కనిపించింది. కిరణాల వేడికి నమూనా కాలిపోతుందేమోనని భయపడి యంత్రం ఆపేసి, మంచులో ఆ వీధి చుట్టూ ఒకసారి నడిచి వచ్చి మళ్ళీ చూశారట. మార్చి 28న లాన్సెట్ పత్రికలో ఎప్‌స్టీన్, ట్రినిడాడ్‌కు చెందిన బర్ట్ అచాంగ్, ఐర్లండ్‌కు చెందిన ఇవోన్ బార్, ముగ్గురి పేర్లతో వ్యాసం వచ్చింది. వైరస్ పేరులో అచాంగ్ పేరు చేరలేదు. కణాలను పెంచడంలో నేర్పరి అయిన బార్ తరువాత ఆస్ట్రేలియా వెళ్ళి బడిలో పాఠాలు చెప్పారు. ఎప్‌స్టీన్ 2024 ఫిబ్రవరిలో 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

మన్యం:
నేను పాడేరు వైపు ఆరోగ్య కార్యకర్తగా పదేళ్ళు తిరిగాను. సూక్ష్మదర్శిని గారు ఎంగిలితో వస్తుందన్నారు, బర్కిట్ గారు దోమ అన్నారు. రెండూ ఎలా కుదురుతాయి? మా దగ్గర వాన ఉంది, వేడి ఉంది, మలేరియా ఉంది, ఎంగిలి పంచుకోవడం ఉంది. కానీ దవడ వాచిన పిల్లను నేను ఒక్కరిని కూడా చూడలేదు.

సూక్ష్మదర్శిని:
మన్యం గారూ, ఇంత మంచి ప్రశ్న వైద్య విద్యార్థులు కూడా తరచుగా అడగరు.

దోమ విషయంలో బర్కిట్ ఊహ సగం నిజమైంది. ఆ పటం చూపించింది వైరస్‌ను కాదు, మలేరియాను. వైరస్ లండన్‌లోనూ ఉంది, లిమాలోనూ ఉంది, పాడేరులోనూ ఉంది. ఆ పట్టీలో మాత్రమే ఉన్నది ఏడాది పొడవునా విడవకుండా వచ్చే ఫాల్సిపారమ్ అనే తీవ్రమైన రకం మలేరియా. అక్కడ పిల్ల పుట్టిన కొద్ది నెలల నుంచి మళ్ళీ మళ్ళీ మలేరియా వస్తూనే ఉంటుంది, దాదాపు ప్రతి పిల్లకూ వస్తుంది. అలాంటి పరిస్థితే ఉన్న పాపువా న్యూగినీలో కూడా ఈ జబ్బు ఉంది. మన ఏజెన్సీలో మలేరియా వానాకాలంతో పాటు పెరిగి తరువాత తగ్గుతుంది, తీవ్రత ఆ స్థాయిలో ఉండదు. మన దేశంలో బర్కిట్ లింఫోమా అసలు లేదని కాదు, అరుదుగా వస్తుంది. వచ్చినా తరచుగా దవడలో కాక కడుపులో వస్తుంది.

ఇప్పుడు లోపల జరిగేది చెబుతాను. బి-కణాలు రోగక్రిములతో పోరాడే ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. మెరుగైన ప్రతిరక్షకం కోసం అవి తమ డీఎన్‌ఏను తామే కత్తిరించి తిరిగి అతికించుకుంటాయి. ఒంట్లో మరే కణమూ ఇంత ప్రమాదకరమైన పని చేయదు. మలేరియా ఆ కత్తిరింపును ఏళ్ళ తరబడి ఆపకుండా నడిపిస్తుంది, అదే సమయంలో వైరస్‌ను అదుపులో ఉంచే టి-కణాలనే మరో రకం తెల్లకణాలను బలహీనపరుస్తుంది. వైరస్ ఏమో చావవలసిన బి-కణాన్ని చావనివ్వదు. ఈ మధ్యలో ఒక రోజు అతుకు తప్పుతుంది. 8వ క్రోమోజోములోని మిక్ అనే జన్యువు విరిగి, సాధారణంగా 14వ క్రోమోజోములో, ప్రతిరక్షకాల జన్యువు పక్కన అతుక్కుంటుంది. ఎప్పుడూ పనిచేసే చోటు అది. దాంతో కణానికి పెరగమనే ఆజ్ఞ ఆగదు. ఈ గడ్డ ఒకటి రెండు రోజుల్లో రెట్టింపు కాగలదు. గాజు పలక మీద చూస్తే ముదురు నీలి కణాల మధ్య, చచ్చిన కణాలను మింగిన తెల్లని పెద్ద కణాలు చుక్కల్లా కనిపిస్తాయి. దాన్ని మేము నక్షత్రాల ఆకాశం అంటాము. మొదటిసారి చూసినప్పుడు అందంగా ఉందనుకున్నాను, పక్కన కాగితం మీద ఆ పిల్ల వయసు చదివేదాకా.

వైరస్ గడ్డలో దొరికినంత మాత్రాన కారణమని ఎలా అంటారని అప్పట్లో చాలామంది అడిగారు. దానికి జవాబుగా గీ ద థే అనే ఫ్రెంచ్ పరిశోధకుడి బృందం ఉగాండాలోని వెస్ట్ నైల్ జిల్లాలో 42,000 మంది పిల్లల రక్తం ముందే తీసి భద్రపరిచింది. తరువాత 14 మందికి ఈ లింఫోమా వచ్చింది. వాళ్ళ పాత రక్తం తీసి చూస్తే, జబ్బుకు ఎంతో ముందే ఈ వైరస్ మీద ప్రతిరక్షకాలు మిగతా పిల్లల కంటే చాలా ఎక్కువగా ఉన్నాయి. 1978లో అది ప్రచురించారు.

తుంగభద్ర గారూ, మీ తమ్ముడి జబ్బు బర్కిట్ కాదు, కానీ తర్కం ఒకటే. వైరస్ ఒక్కటే ఉంటే క్యాన్సరు రాదు. మీ మేనల్లుడికి తండ్రి నుంచి కాకపోతే బడిలో తోటి పిల్లల నుంచైనా ఈ వైరస్ చేరుతుంది, చాలావరకు ఇప్పటికే చేరి ఉంటుంది. అది చేరడమూ, తండ్రి జబ్బు చేరడమూ ఒకటి కాదు.

భీమవరం కాలువ:
మా ఊరి పేరు చెప్పుకునే అవకాశం ఇందులో ఉంది, క్షమించాలి. ఆ రోజుల్లో ఉగాండాలో రేడియేషన్ చికిత్స లేదు, గడ్డలు కోయడానికి వీలైనవి కావు. బర్కిట్, న్యూయార్క్ నుంచి వచ్చిన బర్చెనాల్, ఓట్గెన్ అనే వైద్యులతో కలిసి ఈ పిల్లలకు మొదటగా వాడిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. వాళ్ళు ముగ్గురూ 1963లో ఆ ఫలితాలు ప్రచురించారు. మెథోట్రెక్సేట్ ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందుల కోవలోది. ఆ కోవ మందులు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందినప్పుడు అక్కడ పరిశోధనకు నాయకత్వం వహించినది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన 1948లోనే పోయారు. తన ప్రయోగశాల మందు ములాగో కొండ మీది పిల్లల దవడ వాపులను రోజుల్లో కరిగించిందని ఆయనకు తెలిసే అవకాశం లేకపోయింది.

సూక్ష్మదర్శిని:
ఈ సంబంధం నేను ఎప్పుడూ ఆలోచించలేదు, ధన్యవాదాలు. ఒక మాట చేరుస్తాను. కొద్దిపాటి మందుకే కొందరు పిల్లలు పూర్తిగా కోలుకోవడం చూసి, గట్టి గడ్డ క్యాన్సర్లను కూడా మందులతో నయం చేయవచ్చన్న నమ్మకం పెరిగింది. 1972లో బర్కిట్‌కు, వైద్య పరిశోధనకు అమెరికాలో ఇచ్చే లాస్కర్ పురస్కారం వచ్చింది ఈ చికిత్సకే. నేడు సంపన్న దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పదింట తొమ్మిది మంది బతుకుతున్నారు. ములాగో దారి గారు చూసిన ఆ మెట్ల మీది పిల్లలకు ఆ అవకాశం ఇప్పటికీ చాలా తక్కువ. మందు తెలియక కాదు. ఆలస్యంగా రావడం, మధ్యలో మానేయడం, డబ్బు లేకపోవడం, ఇవీ కారణాలు.

వేకువ:
ఈ వైరస్‌కు టీకా ఉందా? మా పాపకు తొమ్మిదేళ్ళు.

సూక్ష్మదర్శిని:
ఎప్‌స్టీన్-బార్‌కు వాడుకలోకి వచ్చిన టీకా ఇంకా లేదు, ప్రయోగాలు జరుగుతున్నాయి. కానీ క్యాన్సరు తెచ్చే మరో రెండు వైరస్‌లకు టీకాలున్నాయి. కాలేయ క్యాన్సరుకు దారితీసే హెపటైటిస్-బి వైరస్‌కు టీకాను మన పిల్లలకు పుట్టగానే వేస్తున్నారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు కారణమైన హెచ్‌పీవీ అనే వైరస్‌కు టీకాను మీ పాప వయసులో వేయించడం ఉత్తమం. హెచ్‌పీవీ సంబంధాన్ని నిరూపించి 2008లో నోబెల్ అందుకున్న హరాల్డ్ సూర్ హౌజెన్ అంతకుముందు పనిచేసింది ఈ బర్కిట్ గడ్డల్లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ డీఎన్‌ఏను వెతకడం మీదే. మీ పిల్లల డాక్టరును ఈ వారమే అడగండి.

నిర్వాహకుడు:
సభ్యులకు విన్నపం: ఇక్కడి సమాచారం అవగాహన కోసమే. చికిత్స నిర్ణయాలు మీ డాక్టరుతో మాట్లాడి తీసుకోండి.

తుంగభద్ర:
అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న సాయంత్రం ఈ చర్చ మొత్తం మా పెద్దమ్మకు చదివి వినిపించాను. పొగమంచులో విమానం మళ్ళిన చోట ఆపి మళ్ళీ చదవమన్నారు. చివరికి "అయితే ఆ పురుగు నా ఒంట్లోనూ ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. "ఎన్నేళ్ళ నుంచి?" అన్నారు. మీ అమ్మగారు మీకు ముద్దలు పెట్టిన నాటి నుంచి అయి ఉంటుందన్నాను. కాసేపు ఏమీ అనలేదు.

ఈ రోజు ఉదయం మా డాక్టరు గారిని కూడా అడిగాను. కంచం వేరు అక్కరలేదని ఆయనా చెప్పారు. మందు ఎక్కించిన తరువాత తెల్లకణాలు తగ్గే రోజుల్లో మాత్రం పిల్లవాడికి జలుబో జ్వరమో ఉంటే తండ్రికి దూరంగా ఉంచమన్నారు. అంటే పిల్లవాడి వల్ల తండ్రికి ప్రమాదం కానీ, తండ్రి వల్ల పిల్లవాడికి కాదు. ఇంట్లో మేము ఇన్నాళ్ళూ సరిగ్గా తిరగేసి అనుకున్నాము.

మధ్యాహ్నం పిల్లవాడు తమ్ముడి ఒడిలో కూర్చుని పప్పన్నం తిన్నాడు. పెద్దమ్మ వచ్చి ఆ కంచంలోనే నెయ్యి వేసి వెళ్ళారు. రెండో విడత మందు గురువారం.